భీమవరం అబ్బాయి, నా ఆదివారం మాత్ర

ఆదివారం రాత్రి భోజనాలయ్యాక నేను ఆరు మాత్రలు మింగుతాను. పసుపుపచ్చగా, చిన్నగా ఉంటాయి. పేరు మెథోట్రెక్సేట్. మళ్లీ బుధవారం ఇంకో మాత్ర, ఫోలిక్ యాసిడ్. 2016 నుంచీ మా ఇంట్లో ఇదే వరస. వంటింట్లో వేలాడే క్యాలెండర్‌లో ఆదివారాలన్నిటికీ ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టే పని మావారిది.

ఇది కీళ్లవాతానికి, అదే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి ఇచ్చే మందు. ఆ ఏడాది సంక్రాంతి దాటాక నా చేతివేళ్లు మొరాయించడం మొదలుపెట్టాయి. తెల్లారి లేస్తే కొయ్యబారిపోయి ఉండేవి. కాఫీ గ్లాసు పట్టుకోలేను, జడ వేసుకోలేను, చీర కుచ్చిళ్లు దోపుకోలేను. పప్పుకుక్కర్ మూత తియ్యడానికి పక్కింటావిడ రావాల్సి వచ్చేది. ముప్ఫయ్యేళ్లు బడిలో బోర్డు మీద రాసిన చెయ్యి, బ్యాంకు విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం పెట్టలేక వణికింది.

డాక్టరమ్మ ఈ మందు రాసిచ్చారు. ఇంటికొచ్చి అట్టపెట్టెలోని కాగితం విప్పి చదివాను. క్యాన్సర్ రోగులకిచ్చే మందు అని ఉంది! గుండె జారిపోయింది. నాకున్నది ఏమిటో దాచిపెడుతున్నారేమోనని అనుమానం. ఎవరికీ చెప్పకుండా నాలుగు నెలలపాటు ఆదివారం మాత్రలు సింకులో పారేశాను. వేసుకున్నట్టే నటించాను. ఆ నాలుగు నెలల ఫలితం ఇప్పటికీ నా కుడిచేతి చిటికెనవేలి దగ్గర వంకరై కనిపిస్తూనే ఉంది. అది ఇక తిన్నగా రాదట.

చివరికి డాక్టరమ్మ ముందు నిజం ఒప్పుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. మాది పశ్చిమ గోదావరి అని తెలుసు కాబట్టి, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి ఏమైనా తెలుసా అని అడిగారు. తెలియకేం? జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఆయన పేరు పిల్లల చేత బట్టీ పట్టించినదాన్నే. ఆరియోమైసిన్ అనగానే సుబ్బారావు, అంతే. అంతకుమించి ఒక్క ముక్క తెలీదు. నేను భయపడి పారేసిన మాత్రా, దానికి తోడుగా ఇచ్చే మాత్రా రెండూ ఆయన నడిపించిన పరిశోధనలోంచి వచ్చినవేనని ఆవిడ చెప్పినప్పుడు సిగ్గేసింది. ఆ తర్వాత దొరికినవన్నీ చదివాను. చదివింది మీతో చెప్పాలనిపించింది.

తల్లి పట్టుదల

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి ప్రభుత్వోద్యోగి. ఆరోగ్యం దెబ్బతిని ముందే ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. ఇక ఆ ఇల్లు ఎలా నడిచి ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పిల్లవాడికి చదువు మీద ధ్యాస లేదు. పదమూడో ఏట, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. వెంకమ్మగారు వెతికించి వెనక్కి రప్పించారు. చదువుకోసం ఒంటిమీది బంగారం, ఆఖరికి పుస్తెలు కూడా అమ్ముకున్నారని చెబుతారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. మన ఇళ్లలో పదో తరగతి ఒకసారి తప్పితేనే పిల్లల్ని ఎన్నెన్ని మాటలంటామో గుర్తు తెచ్చుకోండి!

మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతుండగా మనసు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరిపోతానన్నాడు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. మఠంవాళ్లు కూడా అమ్మ అనుమతి లేనిదే కుదరదని, వైద్యం చదివితే అదీ సేవేనని నచ్చచెప్పారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. అప్పుడు గాంధీగారి పిలుపు ఊపుమీద ఉంది. ఈయన ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌను వేసుకెళ్లాడు. సర్జరీ చెప్పే తెల్లదొరకు అది నచ్చలేదు. దాంతో చదువు పూర్తయినా చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. డిగ్రీ కాదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.

ఇంతలో ఇంటిమీద పిడుగు పడింది. అన్నా, తమ్ముడూ కొద్దిరోజుల తేడాలో పోయారు. స్ప్రూ అనే పేగుల జబ్బు. తిన్నది ఒంటబట్టదు, రక్తం పాలిపోతుంది, మనిషి చిక్కి శల్యమైపోతాడు. సుబ్బారావుగారికీ అదే జబ్బు వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఆ తర్వాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పారు కూడా. ఈ జబ్బు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఓడ ఎక్కిన భర్త

1919లో ఆయనకు శేషగిరిగారితో పెళ్లయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు అల్లుడి చదువుకు అండగా నిలిచారు. అమెరికా వెళ్లడానికి ఆయనిచ్చిన సాయమూ, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయమూ తోడయ్యాయి. 1920ల మొదట్లో సుబ్బారావుగారు బోస్టన్‌లో దిగారు, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సు చదవడానికి.

చదువవగానే వచ్చేస్తాడనే అందరూ అనుకున్నారు. ఆయన మళ్లీ ఈ గడ్డమీద కాలు పెట్టలేదు. శేషగిరిగారు ఆయన్ని మళ్లీ చూడలేదు. పుట్టిన ఒక్క కొడుకూ పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డ పోయినప్పుడు తల్లి ఇక్కడ, తండ్రి సముద్రాల అవతల.

ఇది చదివిన రోజు పుస్తకం మూసేశాను. ఇంకేం తెలుసుకోవాలి ఈయన గురించి అనిపించింది. ఎంత గొప్పవాడైతేనేం, ఇంటి ఇల్లాలిని జీవితాంతం ఎదురుచూపుల్లో పెట్టినవాడే కదా అని మా అమ్మాయితో అన్నాను. అది ఊరుకోకుండా, మిగతాది కూడా చదివి అప్పుడు తీర్పు చెప్పమంది. చదివాను. తీర్పు మాత్రం ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను.

అమెరికాలో ఆయన బతుకేమీ పూలపాన్పు కాదు. మన లైసెన్సు అక్కడ చెల్లదు. చేతిలో డబ్బు లేదు. పగలు చదువు, రాత్రి ఆస్పత్రిలో పోర్టర్ పని. రోగుల బెడ్‌పాన్లు కడిగారు. తర్వాత హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ కలిసి ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అన్న పేరు దశాబ్దాలపాటు లేబరేటరీల్లో నానింది. 1927లో కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ని కనుగొన్నారు. 1929లో ఎ.టి.పి.ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. మనం చపాతీపిండి కలిపినా, మెట్లెక్కినా, ఊరికే రెప్పవేసినా ఖర్చయ్యేది ఈ ఎ.టి.పి.యే. ఒంట్లో చెలామణి అయ్యే చిల్లర డబ్బులన్నమాట.

1930లో పిహెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. తాను చేసినదాన్ని గొప్పగా చెప్పుకునే అలవాటు ఆయనకు లేదు. తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ కూడా, సుబ్బారావు చేసిన పనిలో కొంత వెలుగులోకి రానివ్వలేదనీ, అందుకు ఫిస్క్ అసూయే కారణమై ఉంటుందనీ చెప్పారు. 1940లో సుబ్బారావుగారు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు. అక్కడ పరిశోధనా విభాగం మొత్తానికీ పెద్ద అయ్యారు.

ఆకుకూరలో ఉన్న రహస్యం

ఇప్పుడు మన ఆడవాళ్ల కథలోకి వద్దాం. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు రక్తహీనతతో చనిపోతున్నారు. ఎందుకో తెలుసుకోవడమే ఆమె పని. ఈస్ట్‌తో తయారయ్యే చవకైన పదార్థం ఒకటి పెడితే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులో ఉన్నదేమిటో అప్పటికి తెలీదు. పదేళ్ల తర్వాత, 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూరలోంచి చిటికెడు పదార్థం తీసి ఫోలిక్ యాసిడ్ అని పేరుపెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. మన అమ్మమ్మలు కడుపుతో ఉన్న పిల్లకి ఆకుకూర పెట్టమని పోరేది ఊరికే కాదు మరి.

కానీ టన్నులకొద్దీ పాలకూర పిండి మందు ఇవ్వలేం కదా! దాన్ని స్వచ్ఛంగా వేరుచేసి, లేబరేటరీలో తయారుచేసే మార్గం 1945లో సుబ్బారావుగారి బృందం సాధించింది. కొద్దికాలానికే స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే పాలిపోయిన ముఖాల్లో రక్తం వచ్చింది. అన్నదమ్ముల్ని పొట్టన పెట్టుకున్న జబ్బుకు ఇరవై ఏళ్లు దాటాక ఆ ఇంటివాడి చేతిలోనే మందు తయారైంది. ఆ వార్త విన్నాక వెంకమ్మగారి కడుపుకోత తీరుతుందా? తీరదు. కానీ ఇంకెందరో తల్లుల కడుపుకోత తప్పింది.

గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వాడితే బిడ్డకు వెన్నెముక లోపాలు చాలావరకు రాకుండా ఆపొచ్చని 1991లో బ్రిటన్‌లో పూర్తయిన పెద్ద పరిశోధన తేల్చింది. మన ఆశా కార్యకర్త చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో కూడా ఉండేది ఇదే.

పోసే నీరు, ఆపే నీరు

ఫోలిక్ యాసిడ్ ఒంట్లో ఏం చేస్తుంది? ఒక కణం రెండుగా చీలాలంటే ముందు తనలోని డి.ఎన్.ఎ.కి నకలు రాసుకోవాలి. ఆ రాతకు కావలసిన సరుకు తయారవడానికి ఫోలిక్ యాసిడ్ ఉండాలి. కడుపులో పిండం, ఎముకల్లో రక్తం పుట్టే మూలుగ, జుట్టు కుదుళ్లు... ఎక్కడ కణాలు గబగబా పెరుగుతుంటే అక్కడ ఇది ఎక్కువ కావాలి. మరి అదుపు తప్పి పెరిగే క్యాన్సర్ కణానికి? దానికీ కావాలి.

బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లల్ని చూస్తుండేవాడు. అప్పట్లో ఆ జబ్బుకు మందే లేదు. వారాల్లో, నెలల్లో ప్రాణం పోయేది. ఫోలిక్ యాసిడ్ రకం మందులు ఇచ్చి చూస్తే మేలు జరక్కపోగా జబ్బు పరుగందుకున్నట్టు కనిపించింది. పోసిన నీరు పంటకు కాక కలుపుకు పట్టింది. అయితే ఆ నీరే కట్టేస్తే? అచ్చం ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, దాని పని మాత్రం చేయనివ్వని పదార్థం కావాలి. తాళంలో దూరి అక్కడే ఇరుక్కుపోయే దొంగ తాళంచెవిలాంటిది. అలాంటివాటి కోసం ఫార్బర్ సుబ్బారావుగారినే ఆశ్రయించాడు. లెడర్లీ రసాయన శాస్త్రవేత్తలు ఒకటి తర్వాత ఒకటి చేసి పంపారు. వాటిని తయారుచేసినవాళ్లలో డోరిస్ సీగర్, డోనా కోసులిచ్ అనే ఇద్దరు ఆడవాళ్లున్నారు. వాళ్ల పేర్లు ఎక్కడోగానీ వినబడవు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అలా వచ్చింది అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు. మందు వాడిన 16 మంది పిల్లల్లో 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. శాశ్వతంగా కాదు. కొన్ని నెలలకు మళ్లీ తిరగబెట్టింది. కానీ మంచంమీది పిల్లలు లేచి ఆడుకున్నారు. మందుతో రక్త క్యాన్సర్ లొంగుతుందని లోకానికి తెలిసింది అప్పుడే. అమినోప్టెరిన్‌కి చెల్లెలే మెథోట్రెక్సేట్. ఇప్పుడు మంచి వైద్యం అందినచోట, పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం రక్త క్యాన్సర్ నుంచి పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది బయటపడుతున్నారు. ఆ చికిత్సలో ఈ మందుకు ఇప్పటికీ చోటుంది.

ఈ పరిశోధన సాగుతుండగానే సుబ్బారావుగారి విభాగంలోంచి ఇంకో రెండు మందులు వచ్చాయి. ఒకటి హెట్రజాన్, బోదకాలుకి. మా అత్తగారిది నరసాపురం. ఆవిడ పోపులపెట్టె పక్కన హెట్రజాన్ సీసా ఎప్పుడూ ఉండేది. ఆ మందు మా పొరుగూరివాడి చలవేనని పాపం ఆవిడకు తెలియకుండానే పోయారు. రెండోది ఆరియోమైసిన్. సుబ్బారావుగారి అజమాయిషీలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీశాడు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది అదే.

ఫార్బర్ ఫలితాలు వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు కన్నుమూశారు. యాభైమూడేళ్లు. అన్నేళ్లున్నా అమెరికా పౌరుడు కాలేదు, భారతీయుడిగానే పోయారు. 1995లో ఆయన శతజయంతికి మన తపాలాశాఖ బిళ్ల వేసింది. ఒక బూజుజాతికి కూడా సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు.

ఆయన చూడని గెలుపు

ఆయన పోయిన ఎనిమిదేళ్లకు, 1956లో, మెథోట్రెక్సేట్ ఇంకో అద్భుతం చేసింది. అదీ ఆడవాళ్ల విషయంలోనే. ముత్యాల గర్భం అని మనవాళ్లు అంటుంటారు కదా, బిడ్డ ఎదగకుండా మాయ ఒక్కటే బుడగల్లా పెరిగిపోవడం. అరుదుగా అది కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌గా మారుతుంది. ఊపిరితిత్తులకు పాకిందంటే ఆశ వదులుకోవలసిందే అప్పట్లో. అమెరికా ప్రభుత్వ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ ఈ మందు ఇస్తే గడ్డలు కరిగిపోయాయి. గర్భం వచ్చిందో లేదో మూత్రంలో చూసే హార్మోనే ఈ క్యాన్సర్ జాడ కూడా చెబుతుంది. గడ్డ కనబడకపోయినా ఆ హార్మోన్ పూర్తిగా పోయేదాకా మందు ఆపకూడదని లీ పట్టుబట్టాడు. అనవసరంగా విషం పోస్తున్నాడని అతన్ని ఉద్యోగంలోంచి సాగనంపారు. చివరికి అతని మాటే నిజమైంది. అతను చివరిదాకా మందిచ్చిన ఆడవాళ్లకు జబ్బు తిరగబెట్టలేదు. శరీరంలో పాకిన గడ్డ క్యాన్సర్ కేవలం మందుతో నయం కావడం అదే మొదలు.

నాలాంటి కీళ్లవాతం వాళ్లకు ఇచ్చేది చాలా చిన్న మోతాదు. మన కీళ్లమీదికే ఎగబడే రోగనిరోధక శక్తిని అది చల్లబరుస్తుంది. అమెరికాలో ఈ జబ్బుకు 1988లో అనుమతించారు. ఒక మాట మాత్రం మరిచిపోకండి. ఇది కీళ్లకు వాడేటప్పుడు వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణంమీదికి వస్తుంది. గర్భిణులు, బిడ్డ కావాలనుకునేవాళ్లు వాడకూడదు. డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష, లివర్ పరీక్ష చేయించుకోవాలి. భయమేస్తే డాక్టర్ని అడగండి, నాలా సింకులో పారెయ్యకండి.

ఇప్పుడు నా చెయ్యి చాలావరకు మాట వింటోంది. ఈ వ్యాసం నేనే రాశాను, ఎవరికీ చెప్పి రాయించలేదు. ఆదివారం మాత్రలు అరచేతిలో పోసుకున్నప్పుడు సుబ్బారావుగారు గుర్తొస్తారు. ఆయన వెనక్కి వచ్చి ఉంటే భీమవరంలో మంచి డాక్టరయ్యేవారేమో. నా చేతిలో ఈ మాత్ర ఉండేదో లేదో. అప్పుడే శేషగిరిగారూ గుర్తొస్తారు. ఆయన గురించి నేను చదివినవాటిలో ఆవిడకు దక్కింది రెండు మూడు వాక్యాలే. పుస్తెలు అమ్మిన తల్లిని మనం మెచ్చుకుంటాం, ఎదురుచూసిన భార్యను మరిచిపోతాం. లోకానికి ఇంత మేలు జరగడానికి ఆవిడ కట్టిన మూల్యం ఆవిడను అడిగి తీసుకున్నది కాదు. అందుకే ఎవరైనా సుబ్బారావుగారి కథ చెబితే నేను ఆగి, ఆవిడ పేరు కూడా చెప్పమంటాను.

మాత్ర మింగి, మంచినీళ్లు తాగి, క్యాలెండర్‌లో ఎర్ర సున్నా మీద టిక్కు పెడతాను. బుధవారం రెండో మాత్ర. ఆదివారం వేసుకున్నది చేసే చెడుపును అది కాస్త సర్దుతుంది. ఒకటి పెరగనివ్వదు, ఒకటి పెరగనిస్తుంది. నాకు రెండూ కావాలి.